డ్రోన్ శత్రువు చేతిలో పడితే: ఏ రక్షణ ఎంచుకోవాలి, దేనికి ఎంత మూల్యం

2011 డిసెంబర్ 8న ఇరాన్ టీవీలో ఒక వీడియో వేశారు. పెద్ద హాలు, మధ్యలో గబ్బిలంలా రెక్కలు చాపుకున్న లేత పసుపు రంగు విమానం. తోక లేదు. అడుగు భాగం కనబడకుండా కింద బ్యానర్లు కట్టారు. అది అమెరికా రహస్య నిఘా డ్రోన్ ఆర్‌క్యూ-170. అఫ్గాన్ సరిహద్దు నుంచి 200 కిలోమీటర్లకు పైగా లోపల, కాష్మర్ పట్టణం దగ్గర దొరికింది. దాని కంట్రోల్ లాక్కుని మేమే దించామని ఇరాన్ అంది. ఏదో లోపం వచ్చి పడిపోయిందని అమెరికా అంది. తిరిగి ఇచ్చేయమని అడిగామని అధ్యక్షుడు ఒబామా విలేఖరుల ముందే చెప్పారు. ఇరాన్ ఇవ్వలేదు సరికదా, 2014లో దాని నకలు తయారుచేసి చూపించింది. 2018 ఫిబ్రవరిలో సిరియా వైపు నుంచి వచ్చిన ఒక ఇరాన్ డ్రోన్‌ను ఇజ్రాయెల్ హెలికాప్టర్ కూల్చింది. దాని ఆకారం చూస్తే మళ్లీ అదే గబ్బిలం.

హ్యాక్ చేసి దించారా, చెడిపోయి పడిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. డ్రోన్ డిజైన్ చేసేవాళ్లకీ కొనేవాళ్లకీ అది తెగకపోయినా నష్టం లేదు. ఎలా దిగినా, దాదాపు చెక్కుచెదరకుండా దిగింది. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

డ్రోన్ తయారీలోకి దిగుతున్నవాళ్లూ, కొనుగోలు కమిటీల్లో కూర్చునేవాళ్లూ ఒక ప్రశ్న పదే పదే అడుగుతుంటారు: "హ్యాక్ కాని డ్రోన్ ఏది?" ఆ ప్రశ్నే సగం తప్పు అని నా అభిప్రాయం. గాలిలో హ్యాక్ కాకుండా చేసే ఏర్పాట్లలో చాలావరకు, నేల మీద దొరికినప్పుడు పోయే సొత్తును పెంచుతాయి. రేడియో మీద ఆధారపడకూడదంటే మ్యాపులు, లక్ష్యాల ఫొటోలు, నిర్ణయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ అన్నీ డ్రోన్ కడుపులో పెట్టి పంపాలి. మాటలు బయటికి పొక్కకూడదంటే వాటిని విప్పే తాళంచెవి (కీ) కూడా అందులోనే పెట్టాలి. ఆ మూటతో సహా అది శత్రువు పొలంలో పడితే? అందుకే కింద పోల్చిన ప్రతిదాన్నీ రెండు తక్కెళ్లలో తూచాను: ఎగిరేటప్పుడు ఎంత కాపాడుతుంది, పడిపోయాక ఎంత పోగొడుతుంది.

ముందు ఏ దొంగ భయమో తేల్చుకోండి

"హ్యాకింగ్" అనే ఒక్క మాట కింద మూడు నాలుగు వేరు వేరు ప్రమాదాలను కలిపేస్తున్నారు. మొదటిది పక్కన నిలబడి వినడం. డ్రోన్ పంపే వీడియోను శత్రువు కూడా చూస్తాడు, దాన్ని ముట్టుకోడు. రెండోది దారి తప్పించడం (స్పూఫింగ్): తప్పుడు సిగ్నల్ ఇచ్చి, అది ఎక్కడుందో దానికే తెలియకుండా చేయడం. మూడోది పూర్తిగా పగ్గాలు లాక్కోవడం. సినిమాల్లో ఎక్కువగా కనిపించేదీ, నిజంగా జరిగిందని నిరూపణ అయిన సందర్భాలు అతి తక్కువగా ఉన్నదీ ఇదే. నాలుగోది ఏ హ్యాకింగూ లేకుండా పడిపోయిన డ్రోన్‌ను ఏరుకుని విప్పి చూడటం. రోజూ జరిగేది ఇది.

జనం మూడోదానికి భయపడతారు, డబ్బు కూడా దానికే పోస్తారు. చరిత్ర చూస్తే ఎక్కువ నష్టం చేసినవి మొదటిదీ, నాలుగోదీ.

మొదటిదానికి ఉదాహరణ ఇరాక్. 2008 చివర్లో అక్కడ పట్టుబడిన ఒక మిలిటెంట్ ల్యాప్‌టాప్‌లో అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు తీసిన వీడియోలు బయటపడ్డాయి. వాడిన సాఫ్ట్‌వేర్ స్కైగ్రాబర్, ధర సుమారు 26 డాలర్లు. ఉపగ్రహం నుంచి వచ్చే ఇంటర్నెట్ డేటాలో సినిమాలు, పాటలు పట్టుకోవడానికి అమ్మే సరుకు అది. లక్షల డాలర్ల విమానం తీసే బొమ్మకు ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనివాడికి అర్థం కాకుండా మార్చడం) లేదు కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ చాలింది. ఈ లోపం 1990ల్లో బోస్నియా నాటి నుంచే అధికారులకు తెలుసు. అవతలివాడికి దాన్ని వాడుకునే తెలివి ఉండదనుకున్నారు. దానికి ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ చిక్కు నేటికీ ఉంది. ఆ వీడియో నేల మీద ఉన్న సైనికుల చేతి రిసీవర్లకు కూడా అందాలి. తాళం వేస్తే తాళంచెవిని ప్రతి రిసీవర్‌కూ పంచాలి, వాటిలో ఒకటి పోయినా అన్నింటికీ మార్చాలి. ఆ తలనొప్పి ఎందుకని వదిలేశారు.

ఇంతకంటే ఘోరమైనది అంతకుముందే జరిగింది. 1997 సెప్టెంబర్ 5న లెబనాన్ తీరంలో అన్సారియా దగ్గర దిగిన ఇజ్రాయెల్ కమాండోల కోసం లెబనాన్ సాయుధ సంస్థ హిజ్బుల్లా ముందే మాటువేసి ఉంది. 12 మంది చనిపోయారు. ఇజ్రాయెల్ డ్రోన్లు ఆ దారిని ముందుగా తీస్తున్న వీడియోను మేం పట్టుకున్నామని 2010లో ఆ సంస్థ నాయకుడు నస్రల్లా చెప్పి, ఆ దృశ్యాలు చూపించాడు. డ్రోన్ ఏ దారి మీద పదే పదే తిరుగుతోందో చూస్తే చాలు, మనుషులు ఏ దారిన వస్తారో తెలిసిపోతుంది. మామూలు పొలాల బొమ్మే కదా, ఎవడు చూస్తే ఏమిటి అనేవాళ్లకు నేనెప్పుడూ ఈ సంఘటనే చెబుతాను.

లింకు: అయిదు దారులు, ఏదీ ఉచితం కాదు

తాళం లేని రేడియో లింకు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇవాళ దాన్ని ఎంచుకోవడానికి చౌకదనం తప్ప కారణం లేదు. ఒక్కసారి ఎగిరి అయిదు నిమిషాల్లో పేలిపోయే డ్రోన్ అయితే, అవతలివాడు చూసినా చేయగలిగింది తక్కువ అని కొందరు వాదిస్తారు. ఆ వాదనను సగం ఒప్పుకుంటాను. ఎన్‌క్రిప్షన్ లేని అనలాగ్ వీడియోను శత్రువు కూడా చూసి, డ్రోన్ తన మీదికే వస్తోందని గుర్తుపట్టి తప్పుకుంటున్నాడు. ఆ మిగతా సగం అది.

ఎన్‌క్రిప్షన్ ఉన్న రేడియోలో రెండు వేరు వేరు సంగతులున్నాయి, అమ్మేవాళ్లు వాటిని కలిపి చెబుతారు. ఒకటి, మాట ఎవరికీ అర్థం కాకపోవడం. రెండోది, ఆజ్ఞ ఇస్తున్నది మనవాడేనని డ్రోన్ తేల్చుకోగలగడం. ఎన్నో డ్రోన్లలో వాడే మావ్‌లింక్ అనే ఉచిత ప్రోటోకాల్‌ను దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. దాని రెండో వెర్షన్‌లో ప్రతి సందేశం చివర 13 బైట్ల సంతకం చేర్చే వీలుంది. ఆ సంతకం లేని "దిగు", "తిరుగు" ఆజ్ఞలను డ్రోన్ పట్టించుకోదు. కానీ సందేశం మాత్రం బహిరంగంగానే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. పైగా ఆ సంతకం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. "మాది సురక్షిత లింకు" అని ఎవరైనా అంటే, ఈ రెండింటిలో ఏది, ఆన్ చేసి ఇస్తారా అని అడగండి. జవాబు తడబడితే అక్కడే అర్థమైపోతుంది.

తాళంచెవి ఎక్కడుంటుందన్నది అంతకంటే ముఖ్యం. వంద డ్రోన్లకూ ఒకే కీ పెడితే పని సులువు. ఒక డ్రోన్ చిక్కగానే మిగతా 99 కూడా చిక్కినట్టే. డ్రోన్‌కో కీ, వీలైతే ప్రయాణానికో కీ, అది కూడా కరెంటు పోతే మాయమయ్యే మెమరీలో. ఇక్కడ బేరం వద్దు.

ఉపగ్రహ లింకు దూరాలకు తప్పదు. ఆకాశం వైపు చూసే సన్నని కిరణం కాబట్టి నేల మీది జామర్‌కు (సిగ్నల్‌ను ముంచేసే పరికరానికి) అంత తేలిగ్గా లొంగదు. కానీ పై నుంచి కిందికి వచ్చే సిగ్నల్ విశాలంగా పరుచుకుంటుంది, స్కైగ్రాబర్‌కు దొరికింది అదే. మిత్రులు కూడా చెవి పెడతారు: సైప్రస్‌లోని ట్రూడోస్ కొండ మీది కేంద్రం నుంచి బ్రిటన్, అమెరికా నిఘా సంస్థలు ఇజ్రాయెల్ డ్రోన్ల వీడియోలను పట్టుకున్నాయని, అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ పత్రాల ద్వారా 2016లో బయటికొచ్చింది.

ఫైబర్ కథ వేరు. 2024 నుంచి ఉక్రెయిన్ యుద్ధంలో మొదట రష్యా, తర్వాత రెండు వైపులా వాడకం పెంచాయి. డ్రోన్ కింద ఒక కండె, అందులోంచి వెంట్రుకలాంటి గాజు దారం విడుతూ పోతుంది. రేడియోయే లేదు, కాబట్టి జామింగ్ లేదు, వినడం లేదు, స్పూఫింగ్ లేదు. నేను మొదట చెప్పిన సూత్రానికి మినహాయింపు ఇది: గాలిలో రక్షణ పెరిగినా కడుపులో సొత్తు పెరగదు, మెదడంతా ఇవతలి కొసన మనిషి దగ్గరే ఉంటుంది. మరి ఇబ్బంది? కండె బరువు. 10 కిలోమీటర్ల దారం కిలోకు అటూఇటూ ఉంటుంది, ఆ మేరకు పేలుడు పదార్థమో బ్యాటరీయో తగ్గించాలి. చెట్లలో చిక్కుకుంటుంది, పదునైన మలుపుకు తెగుతుంది. ఇంకోటి, పొద్దున ఎండలో పొలాల మీద ఆ దారాలు సాలెగూడులా మెరుస్తాయి. ఒక కొస పట్టుకుని వెనక్కి నడిస్తే ఎగరేసినవాడి గొయ్యి దాకా వెళ్లొచ్చు. తక్కువ దూరాలకు నా ఓటు దీనికే, కానీ ఒకేచోట కూర్చుని రోజంతా ఎగరేసేవాడికి మాత్రం కాదు.

చివరిది లింకే లేకుండా తనంతట తాను వెళ్లే డ్రోన్. ఇప్పుడు అందరి నోటా "ఏఐ డ్రోన్" అని వినిపిస్తోంది కానీ ఆలోచన పాతది. అమెరికా 1969లో డి-21 అనే డ్రోన్‌ను చైనా అణు పరీక్షా కేంద్రం ఫొటోలు తీయడానికి పంపింది. ముందే రాసిపెట్టిన దారి, ఎవరితోనూ మాటల్లేవు, హ్యాక్ చేయడానికి ఏమీ లేదు. అది వెనక్కి తిరగాల్సిన చోట తిరగలేదు. అలా ముందుకే పోయి సోవియట్ భూభాగంలో పడింది. సోవియట్లు శకలాలు ఏరుకుని, అలాంటిదే "వోరోన్" పేరుతో కాగితం మీద గీసుకున్నారు. మాట వినని డ్రోన్‌కు "ఆగు" అని చెప్పడం కూడా కుదరదు కదా. నేటి స్వయంచాలక డ్రోన్‌లో అదనంగా పోయేది దాని మెదడు: ఏ ఆకారాన్ని ట్యాంకు అనుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది. ఆ మోడల్ చేతికొస్తే, దాన్ని ఏమార్చే ముసుగు వేయడం అవతలివాడికి ప్రయోగశాలలో పని అవుతుంది. ఆ నష్టం ఒక్క డ్రోన్‌తో ఆగదు, ఆ రకం మొత్తానికీ అంటుకుంటుంది.

దారి చూపేది: జీపీఎస్‌కు బదులు ఏది

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి వచ్చేసరికి సిగ్నల్ చాలా నీరసంగా ఉంటుంది, దగ్గర్లో ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ కూడా దాన్ని మింగేయగలదు. 2012 జూన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టాడ్ హంఫ్రీస్ బృందం వైట్ శాండ్స్ మైదానంలో ఒక చిన్న హెలికాప్టర్ డ్రోన్ మీద ఇది చేసి చూపించింది. సుమారు వెయ్యి డాలర్ల పరికరంతో నకిలీ సిగ్నల్ పంపారు. తాను పైకి పోతున్నానని భ్రమపడిన డ్రోన్, ఎత్తు సరిచేసుకుందామని నేల వైపు దిగసాగింది. ఆఖరి క్షణంలో సేఫ్టీ పైలట్ కంట్రోల్ తీసుకుని ఆపాడు. గమనించండి, ఎవరూ దాని కంప్యూటర్‌లోకి చొరబడలేదు. అది తన లెక్క ప్రకారం అంతా సరిగానే చేసింది.

సైనిక జీపీఎస్ కోడ్‌కు ఈ మోసం అంత సులువుగా సాగదు, ఎందుకంటే ఆ సిగ్నల్‌ను తాళం లేకుండా తయారుచేయలేరు. కానీ దాన్నీ జామ్ చేయొచ్చు. పైగా ఆ రిసీవర్ అమెరికా అనుమతి ఉన్నవాళ్లకే దొరుకుతుంది, వేలల్లో పారేసే డ్రోన్లకు పెట్టేది కాదు. ఇంకో దారి యాంటెన్నాలు. ఇరాన్ షాహెద్-136 నమూనాలో రష్యా తయారుచేసే గెరాన్ దాడి డ్రోన్లకు బిగించే కొమెటా యూనిట్ ఇలాంటిదే: నాలుగో ఎనిమిదో పదహారో యాంటెన్నాలు కలిసి, జామర్ ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు చెవులు మూసుకుంటాయి. పనిచేస్తుంది. కానీ చిక్కిన ప్రతి యూనిట్‌ను ఉక్రెయిన్ విప్పి చూసింది, దాన్ని ఓడించే మార్గాలు వెతికింది, రష్యా యాంటెన్నాలు పెంచుకుంటూ పోయింది.

కెమెరాతో నేలను చూస్తూ, లోపలి మ్యాపుతో పోల్చుకుంటూ వెళ్లే పద్ధతిని ఎవరూ బయటి నుంచి స్పూఫ్ చేయలేరు. నాకు నచ్చినది ఇదే. సముద్రం మీద, మంచు మీద, దట్టమైన పొగమంచులో తడబడుతుంది. కడుపులో మ్యాపు ఉంటుంది కాబట్టి, ఎక్కడికి పోతోందో ఆ మ్యాపే చెప్పేస్తుంది. మొత్తం దేశం మ్యాపు పెడితే ఏమీ తెలియదు. ఒక్క దారి పొడవునా సన్నగా కత్తిరించి పెడితే మెమరీ మిగులుతుంది కానీ, చిక్కినప్పుడు బయలుదేరిన చోటు నుంచి లక్ష్యం దాకా గీత గీసి ఇచ్చినట్టే. ఇంజినీర్లు రెండోదే చేస్తారు. ఆ పొదుపు వద్దు.

సంబంధం తెగితే డ్రోన్ ఏం చేయాలి

బ్రోషర్లలో ఒక్క లైన్ కూడా ఉండని ఈ అంశం మీదే నేను ఎక్కువ సేపు అడుగుతాను. లింకు తెగిన మరుక్షణం డ్రోన్ ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. అవతలివాడు జామర్ ఆన్ చేశాడంటే, ఆ రాసినదాన్ని తనకు కావలసినప్పుడు నడిపించుకుంటున్నట్టే.

మామూలుగా పెట్టేది "ఇంటికి తిరిగిరా". ఇందులో మెలిక నాకు సొంత అనుభవం. కొన్నేళ్ల కిందట నా చిన్న క్వాడ్‌కాప్టర్ ఒకటి గాలికి కొట్టుకుపోయింది. పేరు రాయలేదు, ఫోన్ నంబరు లేదు. మర్నాడు ఒక కుర్రాడు దాన్ని పట్టుకుని నేరుగా మా గుమ్మం ముందుకొచ్చాడు. మెమరీ కార్డు తీసి, ప్రయాణ వివరాలు నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచాడట. మొదటి వరుసల్లోనే "హోమ్" అని అక్షాంశం, రేఖాంశం ఉన్నాయి, ఏడు దశాంశాల వరకు. మ్యాపులో కొడితే మా మేడ మీద చుక్క పడింది. ఆ అబ్బాయికి టీ ఇచ్చి పంపాం. అదే యుద్ధంలో అయితే ఆ చుక్క మీద ఫిరంగి గుండు పడుతుంది.

"ఉన్నచోటే మెల్లగా దిగు" అన్నది ఊళ్లలో ఎగిరే డ్రోన్లకు మంచి నియమం. సైనిక డ్రోన్‌కు అంతకంటే చెడ్డది లేదు, బంగారు పళ్లెంలో పెట్టి అప్పగించడమే. "అక్కడే తిరుగుతూ ఉండు" కొంత నయం, ఇంధనం ఉన్నంతసేపు. రాసిన నియమం సరిగా నడవకపోవడం కూడా ఉంటుంది. 2010 ఆగస్టులో అమెరికా నౌకాదళం ఫైర్ స్కౌట్ హెలికాప్టర్ డ్రోన్ ఒకటి లింకు తెగాక వెనక్కి తిరగాల్సింది పోయి, వాషింగ్టన్ చుట్టూ ఉన్న నిషిద్ధ గగనతలంలోకి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ లోపం. లింకు తెగే పరీక్ష నిజంగా ఎన్నిసార్లు చేశారో అందుకే అడగాలి.

మాట వినని డ్రోన్‌ను సొంతవాళ్లే కూల్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. 2009 సెప్టెంబర్‌లో అఫ్గానిస్తాన్ మీద అదుపు తప్పిన తమ సాయుధ డ్రోన్ రీపర్‌ను అమెరికా ఎఫ్-15 యుద్ధ విమానం కూల్చింది. 2024 అక్టోబర్ 5న రష్యా రహస్య డ్రోన్ ఎస్-70 ఒఖోత్నిక్ అదుపు తప్పి ఉక్రెయిన్ వైపు పోతుంటే, వెంట ఉన్న రష్యా యుద్ధ విమానమే క్షిపణి వేసింది. శకలాలు కోస్త్యాంతినివ్కా దగ్గర పడ్డాయి, ఉక్రెయిన్ వాళ్లు ట్రక్కుల్లో ఎత్తుకుపోయారు. కూల్చడం అంటే చెరిపేయడం కాదన్నమాట.

నా ఎంపిక ఇది. లింకు తెగితే బయలుదేరిన చోటికి కాకుండా, ముందే అనుకున్న వేరే బిందువు వైపు తిప్పాలి. అసలు బయలుదేరిన చోటు లాగ్‌లో ఉండనే కూడదు. అటు వెళ్లలేకపోతే, ఒక ఎత్తుకు కిందికి దిగగానే కీలు చెరిపేసుకోవాలి.

చిక్కాక: చెరపడమా, పేల్చడమా, అసలు ఏమీ పెట్టకపోవడమా

2023 మార్చి 14న నల్ల సముద్రం మీద రష్యా సుఖోయ్ విమానం తగిలి అమెరికా రీపర్ కూలింది. అది నీళ్లలో పడేలోపే దూరం నుంచి అందులోని రహస్య సమాచారాన్ని చెరిపేశామని అమెరికా చెప్పింది. లింకు ఉంది కాబట్టి కుదిరింది. అంతా అలా కలిసిరాదు. 2001 ఏప్రిల్‌లో చైనా హైనాన్ దీవిలో అత్యవసరంగా దిగిన అమెరికా ఈపీ-3 నిఘా విమానం డ్రోన్ కాదు, లోపల 24 మంది మనుషులున్నారు. గొడ్డళ్లతో పరికరాలు పగలగొట్టారు, వేడి కాఫీ పోశారు. అయినా అన్నీ పాడుచేయలేకపోయారు. మనుషులుండి చేయలేనిది, బ్యాటరీ చచ్చిపోతున్న యంత్రం తనంతట తాను చేస్తుందని నమ్మడం కష్టం.

చెరపడానికి డ్రోన్‌కు తాను చిక్కానని తెలియాలి, అప్పటికి కరెంటు ఉండాలి. రెండూ ఉంటాయని నమ్మకం లేదు. అంతకంటే నయమైన పద్ధతి, నిల్వ ఉన్నదంతా మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంచి, కీని కరెంటు పోతే పోయే మెమరీలో మాత్రమే పెట్టడం. అప్పుడు ఏమీ చేయకపోవడమే చెరపడం అవుతుంది: బ్యాటరీ ఊడితే చాలు. ఖర్చు తక్కువ. విచిత్రం ఏమిటంటే, చెరిపే మీటకు ఇచ్చే ప్రచారం దీనికి ఇవ్వరు.

పేలుడు పదార్థం పెట్టి పేల్చుకోవడం వినడానికి బాగుంటుంది. రోజూ దాన్ని భుజాన మోసి, బ్యాటరీ మార్చే సిబ్బందిని అడిగితే వేరేగా చెబుతారు. దాడి డ్రోన్‌లో ఎలాగూ వార్‌హెడ్ (పేలే భాగం) ఉంటుంది. నిఘా డ్రోన్‌లో అదనంగా పెట్టాలంటే, సర్క్యూట్ బోర్డు మీద చిప్‌ను మాత్రం కాల్చేంత చిన్నది చాలు.

ఎంత చెరిపినా ఆకారం, పూత, ఇంజిను మిగిలే ఉంటాయి. 1960ల్లో చేజిక్కిన అమెరికా ఫైర్‌బీ డ్రోన్ల శకలాల నుంచి చైనా తన డబ్ల్యూజెడ్-5 తయారుచేసుకుంది. చక్రం ఇప్పుడు ఇటువైపు కూడా తిరిగింది. ఇరాన్ షాహెద్-136ను పోలిన లూకస్ అనే చౌక డ్రోన్‌ను 2025లో అమెరికాయే ప్రదర్శించింది. కాబట్టి బయటి రూపమే రహస్యమైన డ్రోన్‌ను శత్రువు భూభాగం మీదికి పంపేముందు, ఆ ఒక్క ఫొటో కోసం ఆ రూపాన్ని పణంగా పెడుతున్నామని ఒప్పుకునే పంపాలి.

చిక్కిన డ్రోన్‌ను ఉచ్చుగా మార్చడం కొత్త ఎత్తుగడ. ఉక్రెయిన్ డ్రోన్లలో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పెడుతున్నారని, విప్పి మళ్లీ వాడబోతే యూఎస్‌బీ పోర్టు కాలిపోవడం, చిప్ మొరాయించడం జరుగుతోందని 2025లో వార్తలొచ్చాయి. బాగుంది కానీ దీన్ని నమ్ముకుని కొనకండి. ఒకసారి దెబ్బతిన్నవాడు రెండోసారి జాగ్రత్తగా విప్పుతాడు.

ఖరీదైనవి కొన్నా, చౌకవి వేలల్లోనా

ఉక్రెయిన్ నెలకు సుమారు 10,000 డ్రోన్లు పోగొట్టుకుంటోందని బ్రిటన్ మేధోసంస్థ రూసీ 2023లో లెక్కగట్టింది. అన్ని పోతుంటే ఒక్కో డ్రోన్‌లో రహస్యం పెట్టడం అర్థం లేని పని. రష్యా నిఘా డ్రోన్ ఓర్లాన్-10ను ఉక్రెయిన్ సైనికులు విప్పి చూపించిన వీడియో గుర్తుందా? లోపల మామూలు దుకాణంలో దొరికే కేనన్ కెమెరా, ఇంధనం ట్యాంకుకు ప్లాస్టిక్ సీసా మూత. జనం నవ్వారు. నేను నవ్వలేదు. అందులో దొంగిలించడానికి ఏముంది?

చౌకదానికి తన జబ్బులు తనకున్నాయి. ఒక్కటి చిక్కితే పోయేది తక్కువే, కానీ వందలు చిక్కుతాయి. వందలు విప్పినవాడికి ఏ ఫ్రీక్వెన్సీలు, ఏ ఫర్మ్‌వేర్ (డ్రోన్ లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), ఏ క్రమంలో మారుతున్నాయో పట్టికలా తయారవుతుంది. అందుకే చౌక డ్రోన్లు కొనేటప్పుడు డ్రోన్ ధర కంటే, ఫర్మ్‌వేర్ ఎన్ని రోజులకోసారి మార్చగలరు, రంగంలో ఉన్న సైనికుడే మార్చగలడా అన్నది చూడాలి.

మార్కెట్లో దొరికే పౌర డ్రోన్లతో ఇంకో తంటా. చైనా కంపెనీ డీజేఐ డ్రోన్లు గాలిలోకి వదిలే డ్రోన్‌ఐడీ సంకేతంలో డ్రోన్ ఉన్న చోటే కాదు, పైలట్ నిలబడ్డ చోటు కూడా ఉంటుంది. దానికి తాళం లేదని జర్మనీ పరిశోధకులు 2023లో చూపించారు. వినే పెట్టె ఉంటే చాలు. చిక్కక ముందే చిక్కినట్టు. అమెరికా సైన్యం 2017లోనే వీటి వాడకం ఆపమంది. భారత సైన్యం 2025 ఫిబ్రవరిలో చైనా విడిభాగాల అనుమానంతో 400 డ్రోన్ల ఆర్డర్లు రద్దుచేసింది. ఎక్కడ తయారైందన్న ప్రశ్న సబబే, కానీ స్వదేశీ ముద్ర చూసి తాళంచెవి సంగతి అడగడం మానేయకూడదు.

ఇక ఇవన్నీ చేసినా నేల మీద ఉన్న కంప్యూటర్ అలాగే ఉంటుంది. 2011లో అమెరికా క్రీచ్ స్థావరంలో డ్రోన్లు నడిపే గ్రౌండ్ స్టేషన్లలోకి పోర్టబుల్ డ్రైవుల ద్వారా వైరస్ చేరింది. విమానాలకు ముప్పు రాలేదని వైమానిక దళం చెప్పింది. 2018లో రీపర్ శిక్షణ, నిర్వహణ పత్రాలు డార్క్ వెబ్‌లో 150, 200 డాలర్లకు అమ్మకానికొచ్చాయి. దారి ఒక రౌటర్, దాని పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే, మార్చలేదు. ఏ దేశమూ డ్రోన్‌ను కూల్చనే లేదు.

ఎవరికి ఏది

పది, ఇరవై కిలోమీటర్ల లోపు దాడికైతే ఫైబర్, ఎగరేసేవాడు చోటు మారుస్తూ ఉండాలి. అడవులు, తీగలు ఎక్కువైతే సంతకం, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్న రేడియో. చిన్న నిఘా డ్రోన్‌కు ఎన్‌క్రిప్ట్ అయిన నిల్వ, హోమ్ బిందువు లేని లాగ్, డ్రోన్‌కో కీ. ఈ మూడూ ఉంటే కెమెరా కాస్త నాసిరకమైనా తీసుకోండి. వందల కిలోమీటర్లు వెళ్లే దాడి డ్రోన్‌కు యాంటెన్నాల రక్షణతో పాటు కెమెరా నావిగేషన్, అది కూడా విశాలమైన మ్యాపుతో. కోట్లు పోసే పెద్ద నిఘా విమానానికి అన్నీ పెట్టండి. అయినా పడిపోతుందనుకునే, ఎవరి గగనతలంలోకి పంపాలో నిర్ణయించండి.

సంతకం పెట్టేముందు ఒక పరీక్ష అడగండి. నాలుగు సార్లు ఎగరేసిన డ్రోన్‌ను, బ్యాటరీ పీకేసి, మీ మనుషులకే రెండు వారాలు అప్పగించమనండి. స్క్రూడ్రైవర్, ల్యాప్‌టాప్, ఇద్దరు కుర్రాళ్లు చాలు. ఎక్కడి నుంచి ఎగిరింది, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడింది, పక్క డ్రోన్ కీ ఏమిటి అని వాళ్లను అడగండి. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే ఫైలు మూసేయండి. ఒప్పుకున్నా, రెండో రోజు సాయంత్రానికే పైలట్ కూర్చున్న కుర్చీ ఎక్కడ వేశారో మ్యాపులో చుక్క పెట్టి తెచ్చారంటే, ఆ ఆర్డర్ వెనక్కి పంపండి.